బ్రాకెట్లో ఎల్లారెడ్డి

తెలంగాణలో తాడ్వాయి మండలాలు రెండు. ఒకటి ములుగు జిల్లాలో ఉంది. మేడారం జాతర జరిగేది ఆ మండలంలోనే కాబట్టి రెండేళ్లకోసారి ఆ పేరు రాష్ట్రమంతా మోగుతుంది. రెండోది కామారెడ్డి జిల్లాలోది. శబరిమాత ఆశ్రమానికి వచ్చే భక్తులకు, చుట్టుపక్కల నాలుగైదు మండలాలవాళ్లకు తప్ప ఈ తాడ్వాయి గురించి పెద్దగా ఎవరికీ తెలియదు. అందుకే జిల్లా పేజీలో ఈ ఊరి వార్త వస్తే పేరు పక్కన ఒక బ్రాకెట్ కనబడుతుంది: తాడ్వాయి (ఎల్లారెడ్డి).

ఆ బ్రాకెట్ వెనక చిన్న కథ ఉంది. ఈ మండలం ఓటు ఎల్లారెడ్డి అసెంబ్లీ స్థానానిది. కలెక్టరేట్, పెద్దాసుపత్రి, బెల్లం మార్కెట్ కామారెడ్డిలో. ఎంపీ స్థానం జహీరాబాద్. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా వీటన్నింటి పైన నిజామాబాద్ జిల్లా కేంద్రం ఉండేది. ఎమ్మెల్యే ఒక దిక్కు, కలెక్టర్ ఒక దిక్కు, ఎంపీ మరో దిక్కు. ఈ ముగ్గురి ముందూ ఒకే పొద్దున ఈ మండలం పేరు కనబడే చోటు ఒక్కటే ఉండేది, జిల్లా పేజీ. ఎర్రాపహాడ్‌లో తెగిన రోడ్డు, కృష్ణాజివాడిలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్, దేమికలాన్‌లో ఎండిన బోరు అక్కడికి చేరితేనే ఊరు దాటినట్టు.

ఆ చోటు ఇప్పుడు కుంచించుకుపోయింది. స్థానిక పత్రిక మూతపడడమంటే ఏమిటి, దానివల్ల ఊరికి ఏమవుతుంది అన్న ప్రశ్న అమెరికా, బ్రిటన్‌లలో పదిహేనేళ్లుగా గట్టిగా నలుగుతోంది. మన దగ్గర అంతగా నలగలేదు. మన పత్రికలు గేటుకు తాళం వేసి, చివరి సంచికలో సెలవు చెప్పి పోవడం తక్కువ. పన్నెండు జిల్లా పేజీలు ఎనిమిదవుతాయి, ఎనిమిది నాలుగవుతాయి, నాలుగు వెళ్లి మెయిన్ పేపర్లో కలుస్తాయి. ఏ రోజు పోయిందో అడిగితే చెప్పగలిగినవాళ్లు ఉండరు. అందుకే ఈ విషయాన్ని మొదటినుంచీ ఒకసారి తిరగేయాల్సి వస్తోంది.

ఊరి నుంచే మొదలైన పత్రికలు

తెలంగాణలో తెలుగు పత్రిక స్థానికంగానే పుట్టింది. 1922 ఆగస్టులో, మూడు రోజుల తేడాతో రెండు పత్రికలు మొదలయ్యాయి. నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక పెట్టారు. ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రిక పెట్టారు. అది నిజాం పాలన. రాజభాష ఉర్దూ. పత్రిక పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి కాలంలో ఒక పల్లెలో అన్నదమ్ములిద్దరు ప్రెస్సు పెట్టుకుని వారపత్రిక నడిపారు. రెండు పత్రికలూ ఆ దశాబ్దం పూర్తికాకుండానే ఆగిపోయాయి.

ఆ ఖాళీని కొంత గోలకొండ పత్రిక పూరించింది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడిగా హైదరాబాద్‌లో మొదలైంది. జిల్లాల నుంచి ఉత్తరాల రూపంలో వచ్చే వార్తలే దానికి ప్రాణం. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వినబడితే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు సురవరం. మేమున్నామని వాదించే బదులు పేర్లు, ఊర్లు, పద్యాలు అచ్చేసి ముందు పెట్టారు. స్థానిక పత్రిక చేయగల పని ఏమిటో చెప్పడానికి తెలుగులో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మూతలు ఆ తర్వాత కూడా చూశాం. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికైన ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. 1984 చివర్లో సంచలనంగా వచ్చిన ఉదయం 1995లో మూతపడింది. 1960 నాటి ఆంధ్రజ్యోతి 2000 చివర్లో ఆగి, 2002 అక్టోబర్ 15న కొత్త యాజమాన్యంలో మళ్లీ మొదలైంది. అయితే ఇవి ఆగిన ప్రతిసారీ పాఠకుడికి పక్కన ఇంకో పత్రిక దొరికింది. ఉదయం పోతే ఏడాది తిరక్కుండా వార్త వచ్చింది. అభిమానులు బాధపడ్డారు, ఉద్యోగులు రోడ్డున పడ్డారు. కానీ ఊరికి పేపరు రావడం ఆగలేదు, పేపర్లో ఊరు కనబడడమూ ఆగలేదు. 2020 తర్వాత జరిగింది వేరు. పేపరు పేరు మారలేదు, రావడమూ మానలేదు. అందులో ఊరు తగ్గిపోయింది.

మినీ రోజులు

తెలుగు జిల్లాల్లో స్థానిక పత్రిక అంటే విడిగా ఒక పత్రిక కాదు. పెద్ద పత్రిక కడుపులో మడిచి వచ్చే చిన్న సైజు కాగితాలు. కొందరు టాబ్లాయిడ్ అంటారు, కొందరు జిల్లా ఎడిషన్ అంటారు, ఎక్కువమంది నోట అది 'మినీ'. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. 2008 మార్చి 24న సాక్షి ఒకే రోజు 23 ఎడిషన్లతో మొదలైందంటే, స్థానిక వార్త లేకుండా తెలుగు పత్రిక బతకదని అప్పటికే తేలిపోయిందన్నమాట.

మినీ బలం ఏమిటో 1992లో నెల్లూరు జిల్లా చూపించింది. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న వార్త ఒక ఊరి వార్తగా ఉండిపోలేదు. రోజూ జిల్లా పేజీల్లో ఒక ఊరి సంగతి ఇంకో ఊరివాళ్లు చదివి కదిలారు. అక్షరం రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఉద్యమాన్ని పత్రిక పుట్టించిందనడం ఆ ఆడవాళ్లకు అన్యాయం. కాకపోతే ఊరికీ ఊరికీ మధ్య దారి వేసింది పత్రికే.

తాడ్వాయిలాంటి మండలంలో మామూలు రోజున వచ్చే వార్తకు ఇంత మహత్తు ఉండదు. సింగిల్ కాలం, అయిదారు వాక్యాలు. ఫలానా గ్రామంలో బోరు మోటారు కాలిపోయి పది రోజులైందని, మహిళలు ఖాళీ బిందెలతో పంచాయతీ ముందు నిరసన తెలిపారని, అధికారులు వెంటనే స్పందించాలని గ్రామస్థులు కోరుతున్నారని. మాటలు ఎప్పుడూ అవే, ఫొటో ఎప్పుడూ అదే. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు నవ్వు రావచ్చు.

కానీ ఆ వార్త ఆ ఊరివాళ్ల కోసం రాసింది కాదు. నీళ్లు రావడం లేదని బిందె మోసే మనిషికి పేపరు చెప్పనక్కర్లేదు. అది అచ్చయ్యేది ఊరి బయటివాళ్ల కోసం. జిల్లా పౌరసంబంధాల శాఖ వ్యతిరేక వార్తల కటింగులు తీసి కలెక్టర్ ముందు పెడుతుంది. అక్కడి నుంచి సంబంధిత శాఖకు ఫోను వెళ్తుంది. పదింటికల్లా మండల ఆఫీసులో ఎవరో ఒకరికి చెమట పడుతుంది. మోటారు బాగైతే మర్నాడు ఇంకో చిన్న వార్త, 'స్పందన' అనే శీర్షికతో. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చేవాళ్ల చేతుల్లో దరఖాస్తు వెనక ఒక పాత కటింగు జిరాక్సు గుచ్చి ఉండేది అందుకే. అర్జీ తనకు తాను చెప్పుకున్నది, కటింగు ఊరంతా చూసింది. ఆ తేడా ఆఫీసుకు తెలుసు, అర్జీదారుకూ తెలుసు.

మినీ ఇంకో పని కూడా చేసేది, అది లెక్కలోకి రాదు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న బీడీ కార్మికురాలి బిడ్డ ఫొటో, కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైన పిల్లవాడి పేరు, పదవీ విరమణ చేసిన పంతులుగారి సన్మానం. ఆ ముక్క కత్తిరించి లామినేషన్ చేయించి టీవీ పక్కన పెట్టుకున్న ఇళ్లు ఈ జిల్లాలో ఏ ఊళ్లోనైనా కనబడతాయి. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న కొడుకులు పొద్దున్నే ఈ-పేపర్లో జిల్లా పేజీ తెరిచి సొంత మండలం వెతుక్కునేవారు. పెద్ద వార్త వాళ్లకు ఎక్కడైనా దొరుకుతుంది. బ్రాకెట్లో ఎల్లారెడ్డి అని ఉన్న తాడ్వాయి ఆ పేజీలోనే దొరికేది.

మెచ్చుకోలుకు అవతల

పోయినదాన్ని తలుచుకునేటప్పుడు మంచే గుర్తొస్తుంది. అందుకని రెండో వైపు కూడా చెప్పుకోవాలి.

మండల విలేకరి చాలా పత్రికల్లో జీతగాడు కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే అతని రాబడి. ఆ డబ్బు పెట్రోలుకు సరిపోతే గొప్ప. మరి ఎలా బతుకుతాడు? ప్రకటనల మీద కమీషన్ ఉంటుంది. ఆగస్టు 15కు, ఉగాదికి, నాయకుడి పుట్టినరోజుకు సర్పంచుల దగ్గరికి, రైస్ మిల్లుల దగ్గరికి, ప్రైవేటు బడుల దగ్గరికి వెళ్లి ప్రకటన అడగాలి. నిన్న ప్రకటన ఇచ్చినవాడి మీద రేపు వార్త రాయాలంటే చెయ్యి ఆడదు. ఇవ్వనివాడి మీద కలం కొంచెం జోరుగా ఆడుతుంది. కొందరు విలేకరులు ఈ పద్ధతిలోనూ నిజాయితీగా పనిచేశారు. కొందరికి ఆ గుర్తింపు కార్డే దందా అయింది. తప్పు మనుషుల్లో ఉన్నా, దానికి పునాది జీతం ఇవ్వకుండా వార్త తెప్పించుకున్న వ్యాపార పద్ధతిలో ఉంది.

రెండో లోపం గోడలు. జిల్లా పేజీ జిల్లా దాటదు. పక్క జిల్లాలో, వాగు అవతల ఏం జరుగుతోందో ఇవతలివాళ్లకు తెలియదు. 2016లో పది జిల్లాలు 31 అయినప్పుడు గోడలు ఇంకా దగ్గరికి జరిగాయి. అప్పటిదాకా నిజామాబాద్ పేజీలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల గోడు చదివిన కామారెడ్డి రైతుకు, తర్వాత అది పక్క జిల్లా సంగతి అయిపోయింది.

మూడోది అందరికీ తెలిసిందే. తెలుగు పత్రికల్లో చాలావాటికి వెనకో ముందో ఒక పార్టీ ఉంటుంది. ఒకే రోడ్డు ఒక పేపర్లో అద్దంలా మెరుస్తుంది, ఇంకో పేపర్లో గుంతలమయం. ఊరివాళ్లు రెండూ చదివి, రెంటికీ మధ్య ఎక్కడో నిజం ఉంటుందని సరిపెట్టుకునేవారు. రెండు పేపర్లు వచ్చినన్నాళ్లు ఆ లెక్క కుదిరింది.

ఈ మూడు లోపాలూ చిన్నవి కావు. స్థానిక పత్రిక పోవడాన్ని నష్టమని తేల్చేముందు, పోయింది ఇదీ అని తెలిసి ఉండాలి.

ఎలా తరిగింది

కరోనాను ఒక్కదాన్నే దోషిని చేయడం సులభం. నిజానికి రోగం అంతకుముందే ఉంది. పేపరు అమ్మకం ధర తయారీ ఖర్చుకు చాలదు, మిగతాది ప్రకటనలు భరించాలి. ఆ ప్రకటనలు పదేళ్లుగా ఫోను తెరల మీదికి వెళ్లిపోతున్నాయి. 2019 జులై బడ్జెట్‌లో న్యూస్‌ప్రింట్ మీద కేంద్రం పది శాతం దిగుమతి సుంకం వేసింది, మరుసటి బడ్జెట్‌లో అయిదు శాతానికి తగ్గించింది. ఊపిరి పీల్చుకునేలోపు 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి స్థానిక ప్రకటన అనేదే లేకుండా పోయింది. పేపరు ముట్టుకుంటే వైరస్ అంటుతుందన్న భయంతో చాలా ఇళ్లు పేపరు మానేశాయి. మానినవాళ్లలో అందరూ తిరిగి రాలేదు. పెద్ద పత్రికలు జిల్లా టాబ్లాయిడ్లను కుదించి మెయిన్‌లో పేజీలుగా కలిపాయి. డెస్కుల్లో ఉద్యోగాలు పోయాయి. ఈనాడు నడిపే రామోజీ సంస్థల నుంచి 1978లో మొదలైన చతుర, విపుల మాసపత్రికలు కూడా ఆ దెబ్బకే ఆగాయి.

పేజీలు తగ్గితే ముందు పోయేది ఎవరి వార్త? కామారెడ్డి పట్టణం వార్త పోదు. మంత్రి పర్యటన పోదు. నేరం వార్త అసలే పోదు. పోయేది మండలం వార్త, అందులోనూ మండల కేంద్రం కాని ఊరి వార్త. ఒకప్పుడు సగం పేజీలో పది చిన్న వార్తలు పట్టిన చోట ఇప్పుడు ఒక పెద్ద కథనం, రెండు ఫొటోలు పడతాయి. బోరు మోటారు కాలిన అయిదు వాక్యాలకు చోటు దొరకదు.

బయట ఏం తేలింది

ఈ నష్టాన్ని కొలవడానికి అమెరికాలో చాలామంది ప్రయత్నించారు. అక్కడ 2005 తర్వాత మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. పత్రికే లేని ప్రాంతాలను 'వార్తల ఎడారులు' అంటున్నారు.

సిన్సినాటి పోస్ట్ అనే పత్రిక 2007 డిసెంబర్ 31న ఆగిపోయింది. నదికి అవతల కెంటకీ రాష్ట్రంలోని చిన్న పట్టణాలు ఆ పత్రిక మీదే ఎక్కువ ఆధారపడేవి. ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఆ పట్టణాల ఎన్నికలు చూశారు. స్థానిక పదవులకు పోటీ చేసేవాళ్లు తగ్గారు, ఓటేసేవాళ్లు తగ్గారు, కుర్చీలో ఉన్నవాళ్లు మళ్లీ గెలవడం పెరిగింది. చిన్న ప్రాంతం కాబట్టి ఈ లెక్కలను మరీ ఖచ్చితమైనవిగా తీసుకోవద్దని వాళ్లే హెచ్చరించారు. మరో అధ్యయనం మున్సిపాలిటీల అప్పుల మీద జరిగింది. పత్రిక మూతపడిన కౌంటీల్లో ప్రభుత్వ సంస్థలు తెచ్చే అప్పుకు వడ్డీ 0.05 నుంచి 0.11 శాతం దాకా పెరిగినట్టు తేలింది. చూసేవాడు లేని చోట డబ్బు పెట్టడానికి అప్పిచ్చేవాడు జంకుతాడు, ఆ జంకు ధర పన్ను కట్టేవాడి మీద పడుతుంది.

కాలిఫోర్నియాలోని బెల్ అనే చిన్న పట్టణం కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆ పేద పట్టణంలో సిటీ మేనేజర్ ఏడాదికి దాదాపు ఎనిమిది లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ బయటపెట్టేదాకా ఊరికి తెలియలేదు. కౌన్సిల్ సమావేశాల్లో క్రమం తప్పకుండా కూర్చునే విలేకరి ఎవరూ అప్పటికి అక్కడ లేరు.

ఈ లెక్కలను తెచ్చి తాడ్వాయికి అతికించలేం. మన పంచాయతీ బాండ్లు అమ్మదు, మన ఓటు శాతం పేపరు మీద ఆధారపడదు. పల్లెల్లో సర్పంచ్ ఎన్నికకు ఓటేయడం పండగలాంటిది. కానీ బెల్ కథలో ఒక ముక్క మనకూ వర్తిస్తుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేళ్లు గ్రామ పంచాయతీలకు పాలకవర్గాలే లేవు. ప్రత్యేకాధికారులు నడిపారు. 2025 డిసెంబర్‌లో గానీ ఎన్నికలు జరగలేదు. సర్పంచ్ లేని ఆ రెండేళ్లలో ఊరి పద్దును నిలదీసే ఎన్నికైన మనిషి లేడు. అదే కాలంలో ఊరి పేజీ కూడా చిక్కిపోయి ఉంది. రెండూ కలిసి రావడం వల్ల ఏయే ఊళ్లో ఏం జరిగిందో చెప్పే కాగితం చాలాచోట్ల దొరకదు. అదే అసలు నష్టం.

ఫోను చేసేదీ చేయనిదీ

ఫోనుంది కదా అంటారు. నిజమే, వార్త వేగం విషయంలో ఫోనును పేపరు ఎన్నడూ అందుకోలేదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. భిక్కనూర్, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్న వీడియో గంటల్లో దేశమంతా చూసింది. ఏ వాగు పొంగింది, ఏ దారి మూసుకుపోయింది అన్నది వాట్సాప్ గ్రూపుల్లో నిమిషాల మీద తెలిసింది. కొందరి ప్రాణాలు ఆ కబురే కాపాడి ఉంటుంది. ఆ రోజుకు పేపరు ఏ పనికీ రాదు.

పేపరు పని ఆ తర్వాత మొదలవుతుంది. వాన వెలిసిన నెలకు, ఆరు నెలలకు. తెగిన కల్వర్టు కట్టారా, ఇసుక మేట వేసిన పొలానికి పరిహారం వచ్చిందా, జాబితాలో ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది జారింది. వీటికి వీడియో ఉండదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని ఆఫీసుకు వెళ్లి జాబితా అడగాలి, మళ్లీ పొలానికి వెళ్లి చూడాలి. వాట్సాప్ గ్రూపులో ఇది ఎవరి బాధ్యతా కాదు. పైగా గ్రూపులో పడ్డ మాట గ్రూపు దాటదు. ఊరి గ్రూపులో ఊరివాళ్లే ఉంటారు, పార్టీ గ్రూపులో పార్టీవాళ్లే. పొద్దున వచ్చిన మాట సాయంత్రానికి గుడ్‌నైట్ బొమ్మల కింద పడిపోతుంది. ప్రజావాణిలో దరఖాస్తుకు గుచ్చడానికి అది పనికిరాదు. రాసిందెవరని అడిగితే 'ఫార్వర్డ్ అయింది' అంటారు.

వే2న్యూస్, లోకల్ వంటి యాప్‌లు మండలం దాకా వచ్చాయి. కొద్ది మాటల్లో వార్త చెబుతాయి. యూట్యూబ్ చానెళ్లూ ప్రతి పట్టణంలో పుట్టాయి. వీటిలో కొన్ని పేపరు వదిలేసిన సంగతులు పట్టుకుంటున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మండల విలేకరిని పట్టి పీడించిన రోగం వీళ్లకూ ఉంది. జీతం లేదు, రాబడి చూపుల (వ్యూస్) లెక్కను బట్టి ఉంటుంది. బోరు మోటారు వార్తకు చూపులు రావు.

పత్రికకు చట్టం అప్పగించిన పని కూడా ఒకటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో ప్రచురించాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పోయిన సర్టిఫికెట్ నుంచి వేలం దాకా ఎన్నో ప్రకటనలకు ఇప్పటికీ పేపరే దారి. కానీ నోటీసు వేరు, వార్త వేరు. సర్వే నంబర్లు చీమతలకాయంత అక్షరాల్లో అచ్చయితే చట్టం తృప్తి పడుతుంది. ఆ నంబరు తన పొలానిదని రైతుకు తెలియాలంటే ఎవరో దాన్ని మామూలు తెలుగులోకి దించాలి. 2022 చివర కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పచ్చటి పొలాలు పారిశ్రామిక జోన్ అయ్యాయని అడ్లూర్ ఎల్లారెడ్డి మొదలైన ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాక ఆ సంగతి రాష్ట్రమంతా పాకింది. 2023 జనవరి 20న పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. పటంలో రంగు మారిన రోజే ఊరి పేజీలో ఊరి భాషలో ఆ సంగతి వివరంగా వస్తే రైతులు మొదట్లోనే అభ్యంతరాలు రాసి ఇచ్చేవారు. అంత దూరం పోవాల్సిన అవసరం వచ్చేది కాదేమో.

వేరే దారులు

పాత మినీ తిరిగి రావాలని కోరుకోవడంలో అర్థం లేదు. అది నడిచిన లెక్క ఇక కుదరదు. చిన్నచిన్న ప్రయత్నాలు వేరేచోట్ల జరిగాయి, వాటిని చూద్దాం.

ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో కొందరు గ్రామీణ మహిళలు ఖబర్ లహరియా అనే పత్రిక పెట్టారు. వాళ్లలో దళితులు ఎక్కువ. రాసింది బుందేలీలో, వాళ్లు మాట్లాడే భాషలో. తర్వాత అచ్చు మానేసి ఫోను తెరకు మారినా విలేకరులకు జీతం, శిక్షణ, సంపాదకత్వం మాత్రం వదల్లేదు. మన చిత్తూరు జిల్లాలో 2001లో స్వయం సహాయక సంఘాల మహిళలే విలేకరులుగా నవోదయం పత్రిక వచ్చింది. అంతకన్నా దగ్గరిది మన జహీరాబాద్. మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. తాడ్వాయి ఎంపీ నియోజకవర్గం కూడా జహీరాబాదే కావడం యాదృచ్ఛికం. కానీ పొలం పని చేసుకునే ఆడవాళ్లు తమ సంగతులు తామే చెప్పుకోగలరని చూపడానికి చిత్రకూట్ దాకా వెళ్లనక్కర్లేదని తెలుస్తుంది.

ఈ మూడింటిలో ఉమ్మడిగా కనబడేవి రెండు. చెప్పిన మనిషి ఎవరో ఊరికి తెలుసు. తప్పు చెబితే ఇంటి ముందుకు వెళ్లి అడగొచ్చు. వెనక ఎవరో ఒకరు ఆ ఖర్చు భరించారు, ఆ భరించేవాళ్లు అలిసిపోతే నడిపేవాళ్లకు ఇబ్బందే. అంటే ఊరి వార్త ఎక్కడా సొంతంగా లాభం తెచ్చిన సరుకు కాదు. మన మినీ కూడా పెద్ద పత్రిక వ్యాపారంలో కొసరుగా వచ్చింది. కొసరు ఆగినప్పుడు దాని ధర తెలిసింది.

తేలిందేమిటి

ఇంత తిరగేశాక నాకు తోచింది చెబుతాను. స్థానిక పత్రిక పోవడంతో ఊరికి కబుర్లు తగ్గలేదు, పెరిగాయి కూడా. తగ్గింది కబురుకు పూచీ. ఒక సంగతిని ఒక మనిషి వెళ్లి చూశాడని, ఫలానా తేదీన అచ్చయిందని, అది ఊరి బయటివాళ్ల కళ్ల ముందు పడిందని చెప్పే సాక్ష్యం తగ్గింది. పాత మండల విలేకరికి వెయ్యి లోపాలున్నా ఆ సాక్ష్యానికి అతను ఉండేవాడు. అతని పేరు తెలుసు, బండి నంబరు తెలుసు, ఏ హోటల్లో చాయ్ తాగుతాడో తెలుసు.

అయితే ఊరు తానే చేసుకోగల మూడు పనులు మిగిలి ఉన్నాయి. మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో, గ్రామసభలో ఒకరు కూర్చుని రాసుకోవడం. రాసుకున్నది ఒకచోట నిలవ ఉంచడం. అడిగితే జవాబు చెప్పే పేరు దాని కింద ఉండడం. వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న ఇద్దరు పిల్లలు, వాళ్లకు నెలకు ఇంత అని ఇచ్చే పదిమంది, దగ్గర్లో ఒక గ్రంథాలయం చాలు. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థ రోజూ పేపర్లు తెప్పిస్తుంది. జిల్లా పేజీలను విడదీసి, మండలాలవారీగా బైండు చేసి ఉంచమని అడగడానికి మనకు హక్కుంది.

తెనుగు పత్రిక సంచికలు ఇప్పుడు పరిశోధకులకు దొరకడమే కష్టం. ఇనుగుర్తిలో వందేళ్ల కింద ఏం జరిగిందో చెప్పగల కాగితం చాలావరకు చెదలపాలైంది. మన ముప్పై ఏళ్ల మినీలకూ ఆ గతే పట్టేలా ఉంది. పకోడీల పొట్లాలుగా, అలమారాల్లో పరుపుగా అవి వెళ్లిపోతున్నాయి. ఈ-పేపర్ల పాత సంచికలు ఎన్నాళ్లు తెరుచుకుంటాయో యాజమాన్యం చేతిలో ఉన్న సంగతి.

కాబట్టి తాడ్వాయి, లింగంపేట, గాంధారి, సదాశివనగర్ వైపు పాఠకులకు ఒక మనవి. ఇంట్లో పాత జిల్లా పేజీలు, కటింగులు ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. వెనక తేదీ రాసి, దగ్గర్లోని గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.